గసగసాల పొట్లం కట్టిందెవరు

అన్నకు పద్మావతి నమస్కారాలు. నీ ఒంట్లో ఎలా ఉంది? అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఇక్కడ నేను, మా ఆయన బాగున్నాం. వదిన కూడా బాగుంది. ఈ ఒక్క ముక్క అమ్మకు పైకి చదివి వినిపించు. వదిన మా ఇంట్లోనే ఉంది, వేళకు తింటోంది, బాగుంది.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు అరుస్తావు, నేను అరుస్తాను, చివరికి నువ్వే పెట్టేస్తావు. కాగితమైతే నీ మీద అరవదు, నువ్వు అరిచినా ఆగదు. ఆదోని మనిషి ఒకాయన రేపు సెలవు మీద వస్తున్నాడు, ఆయన చేతికిచ్చి పంపుతున్నాను.

మొన్న అమ్మ నాకు ఫోన్ చేసింది. "మీ వదిన మీ కాడ్నుంచి వచ్చి నేరుగా ఒంటిమిట్ట గుడికి పోయిందంట గదా? ఇన్నాళ్ళు ఆడ ఏం చేస్తాందే? ఇల్లు గుర్తుండాదా లేదా?" అని అడిగింది. ఊరందరికీ నువ్వు ఇదే చెప్తున్నావని అప్పుడు తెలిసింది. అందుకే జరిగింది జరిగినట్టు వరుసగా రాస్తున్నాను, నా అలవాటు నీకు తెలుసు.

నెల రోజులు మాతో గడుపుదామని వదిన టూరిస్టు వీసా మీద వచ్చింది. విమానాశ్రయంలో పెట్టె తెరిపించారు. ఊరగాయ చూశారు, కారప్పొడి చూశారు, వదిలేశారు. గసగసాల పొట్లం దగ్గర ఆగారు. కుర్మాలోకని నువ్వే నీ అంగట్లో తూచి కట్టిన పొట్లం. మనకు అది వంటదినుసు. ఈ గల్ఫు దేశంలో మత్తుపదార్థాల జాబితాలో ఉంది. తెలియక తెచ్చామంటే చట్టం వినదు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళకు వేరే చట్టమూ లేదు. మన రాయబార కార్యాలయం వాళ్ళు వచ్చి వదినను చూశారు, వకీళ్ళ పేర్లు ఇచ్చారు. విడిపించే అధికారం తమకు లేదన్నారు. కొన్నాళ్ళు లోపల ఉంచాక, మా ఆయన పూచీ మీద ఇంటికి పంపారు. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉంది. విచారణ ఇంకో పది పదిహేను రోజుల్లో ఉంటుంది.

ఎండ మనకు కొత్త కాదు గానీ, ఇక్కడి ఎండలో చెమట ఆరదు, పొద్దుగూకినా వేడి దిగదు. ఇన్నాళ్ళూ మా ఆయన పనికి పోయాక గోడలతో మాట్లాడేదాన్ని. కేసు మాట పక్కన పెడితే, వదిన ఉండడం నాకు ప్రాణం లేచివచ్చినట్టుంది. జొన్నపిండి దొరుకుతుంది. వదిన రొట్టె తడుతుంటే కింది ఇంటి ఆవిడ పైకి వచ్చి, ఏం పగలగొడుతున్నారని అడిగింది. రెండు రొట్టెలు ఇచ్చి పంపాం. ఇప్పుడు చప్పుడు వినపడితే చాలు, ప్లేటు పట్టుకుని తయారు.

ఇక నీ సలహా సంగతి. వదినతో ఫోన్లో నువ్వన్నది నేను పక్కనుండి విన్నాను. "ఎవరో ముక్కూ మొగం తెలీనోళ్ళు ఇచ్చినారని చెప్పు. అంగడి పేరు మాత్రం బయటికి రానీయాకు."

మా వకీలు దగ్గర ఖాదర్ అని కడప మనిషి ఉన్నాడు, మన మాటలు వాళ్ళకు చెప్పేది ఆయనే. ఆయనను అడిగాను. "అట్ల చెప్తే కొంప మునుగుతాదమ్మా! సొంతానికి తెచ్చుకున్నామంటే ఒక తీరు. ఇంకొకరి పొట్లం మోసుకొచ్చినామంటే దాన్ని రవాణా అంటారు ఈడ. ఏండ్లకేండ్లు జైల్లో ఉండాల" అన్నాడు. నిజం చెప్తే జరిమానా వేసి వెనక్కి పంపేయొచ్చట, మళ్ళీ ఈ దేశం మాత్రం రానివ్వకపోవచ్చట. ఖాయమని ఆయనా చెప్పలేదు. అంగడి పేరు కాపాడుకోవడానికి నువ్వు చెప్పమన్న అబద్ధం వదినను ఎక్కడికి పంపేదో చూశావా?

పోతూ పోతూ ఖాదర్ ఇంకో మాట విసిరాడు. "మా కడపలో పసిపిల్లోళ్ళనడిగినా చెప్తారు, గల్ఫుకు గసగసాలు కట్టకూడదని. మీ పత్తికొండోళ్ళకు టమాటాలు తప్ప ఏం తెలుసమ్మా?"

వదిన ఊరుకుంటుందా! "ఆ టమాటాలు లేకుంటే మీ కడపోళ్ళు కూర యాడ వండుతారప్పా?" అంది. కేసు మొదలయ్యాక మేం ముగ్గురం నవ్వింది అప్పుడే.

ఇంకో సంగతి. మొదటి రోజు పోలీసులు పొట్లం ఎవరిచ్చారని ఉర్దూలో అడిగితే, వదిన మీ పక్కింటి మాబున్నీ దగ్గర నేర్చుకున్న ఉర్దూలోనే "నా మొగుడు" అని చెప్పేసింది. నీ పేరు, అంగడి పేరు కూడా చెప్పింది. వాళ్ళు తప్పు రాసుకుంటే దిద్దించింది. కాబట్టి దాచడానికి నీ దగ్గర ఏమీ మిగల్లేదు.

నీ సలహా మాట మళ్ళీ ఎత్తితే వదిన అన్నది ఇది: "మీ అన్న అంగడి కోసరం నేను దొంగనని చెప్పుకోవాల్నా? వండేదానికి తెచ్చినా. ఎవరడిగినా అదే చెప్తా. తల దించేది మాత్రం లేదు."

దుడ్లు పంపొద్దు, ఖర్చులు మేం చూసుకుంటున్నాం. నాకు నీ సంతకం కావాలి. వంటకోసం ఈ పొట్లం నేనే కట్టి ఇచ్చానని నీ చేత్తో రాసి, అంగడి ముద్ర వేసి, ఉత్తరం అందిన రోజే ఫోటో తీసి పంపు. వకీలు దాని కోసమే చూస్తున్నాడు. నువ్వు పంపినా పంపకపోయినా వదిన చెప్పేది నిజమే. జడ్జి ముందు ఒంటరిగా చెప్తుందా, పక్కన నీ సంతకం ఉంటుందా అన్నదే తేలాలి.

వెనక్కి పంపితే, చీకటి పడ్డాక కారు పంపుతానన్నావట. వద్దు. పట్టపగలు బస్సులో వచ్చి టమాటా మార్కెట్ దగ్గర దిగుతుంది. పక్కన నేనుంటాను.

అమ్మకు నా దండాలు. ఆమెకు నిజం చెప్పి, వదిన కోసం ఆమె దీవెన అడుగు.

నీ చెల్లెలు,
పద్మావతి

ఇదంతా చదివి వినిపిస్తే, వదిన తన మాట కూడా కలపమంది. ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను:

"ఏమయ్యా, అంగట్లో గసగసాల డబ్బా మీద పెద్దక్షరాల్తో రాసిపెట్టు, గల్ఫుకు పోయేటోళ్ళకు అమ్మేది లేదని. ఎందుకని అడిగితే నా పేరే చెప్పు. ఒంటిమిట్టలో ఉండాదని మాత్రం ఇంకెవురికీ చెప్పాకు."