మూడో ఉయ్యాల దగ్గర తడి అడుగులు

సోమవారం, మధ్యాహ్నం

నా గువ్వపిట్టకు,

అమ్మ ముద్దులు, దీవెనలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వు చనిపోయి నాలుగేళ్ళయినా, నీ క్షేమం అడక్కుండా ఉత్తరం మొదలుపెట్టడం నాకు చేతకావడం లేదు. తప్పులుంటే నవ్వకు, నీ అంత చదువు నాకెక్కడిది.

ఇంకా ఆ కాన్పుల ఆసుపత్రిలోనే పసిపిల్లలకు నీళ్ళు పోస్తున్నాను. ఒక సంగతి చెప్పాలి. పొద్దున్నే నేను నేల తుడిచి ఆరబెట్టాక, ఒక్కోరోజు స్నానాల గది గుమ్మం నుంచి ఉయ్యాలల దాకా తడి అడుగులు పడి ఉంటున్నాయి. కుడి పాదం పెద్దది. ఎడమది చిన్నది, వేళ్ళు ముడుచుకుని. నీకు రెండు కొలతల్లో రెండు జతల జోళ్ళు కొని, ఒక్కో జతలో ఒక్కటే తొడిగినదాన్ని, నాకు తెలియదా?

మొదటిసారి అవి ఆగిన ఉయ్యాలలోని బిడ్డను బోర్లా తిప్పితే నడుం కింద లోతు గుంట. రెండోసారి ఇంకో బిడ్డకు ఎర్రమచ్చ. డాక్టరమ్మ ఇద్దరికీ స్కాన్ తీయించి, లోపల వెన్నుపాము కిందికి అతుక్కుపోయిందని, ఇప్పుడే తెలిసింది కాబట్టి కాళ్ళు దక్కుతాయని చెప్పింది. ఎలా కనిపెట్టావు ఆయమ్మా, ఇక నా కుర్చీలో నువ్వే కూర్చో అని నవ్వింది. నీ అడుగుల సంగతి చెప్పలేదు. నీకు కాళ్ళు చచ్చుబడి, మూత్రపిండాలు పాడయ్యాక గానీ మనకు తెలియలేదు కదా.

ఇవాళ అడుగులు మూడో ఉయ్యాల దగ్గర ఆగాయి. ఆ బిడ్డ నడుం మీద నల్లటి వెంట్రుకల కుచ్చు. తల్లి, పాపం చిన్నపిల్ల, నా చెయ్యి పట్టుకుని, కాస్త కత్తిరించేయ్ అక్కా, మా అత్త చూస్తే మనవడికి తోక మొలిచిందని ఇల్లంతా చాటింపు వేస్తుంది అని బతిమాలింది. చేతిలోని నా కత్తెర జేబులో వేసుకుని, మీ అత్త ఏమన్నా అననీ, డాక్టరమ్మ చూసేదాకా ఒక్క వెంట్రుక కూడా పోనివ్వను అన్నాను. ఏడ్చింది. నీకూ ఒక బిడ్డ ఉంటే తెలిసేది అంది. డాక్టరమ్మ వచ్చి చూసింది. రేపే స్కాన్.

తిరిగి చూస్తే నేల పొడిగా ఉంది.

ఇట్లు,
నీ అమ్మ

తా.క. నిన్ను ఆఖర్న చూసిన డాక్టరు, పుట్టినప్పుడు నడుం మీద ఏమైనా ఉండేదా అని అడిగితే, ఏమీ లేదన్నాను. ఉండేది గువ్వా. మీ నాయనమ్మ నవ్వుతుందని, ఎవరూ చూడకముందే ఈ కత్తెరతోనే తీసేశాను. పెరిగినప్పుడల్లా తీసేశాను. ఇనుము చల్లగా తగిలి నువ్వు కిలకిలా నవ్వేదానివి. రేపు కూడా రా. ఖాళీ కడుపుతో తిరక్కు తల్లీ, వేళకు బాగా తిను.