పెంకలు తిప్పేటోడు లేని ఇల్లు

ఏమయ్యా, నువ్వు పోయినంక ఇది మొదటి మిరుగం కార్తె. ఇల్లంత కురుస్తున్నది. ఏటా వానలకు ముందు పెంకలు నువ్వే తిప్పేటోనివి, కింద నిచ్చెన నేను పట్టుకునేదాన్ని. పలిగి ముక్కలైతయని ఇంకెవ్వల్లను ఎక్కనియ్యలే, పనిగూడ నేర్పలే. మొన్న పెద్దోడు ఎక్కి, వాసం మీద పెట్టాల్సిన కాలు పెంకల మీద పెట్టిండు. ఇప్పుడు పొయ్యికాడ కూసుంటే విమానాలు కనవడుతున్నయి.

అల్లుడు స్లాబ్ ఎయ్యమంటడు. మట్టి గోడలు ఆగయని మేస్త్రి అంటడు. శంషాబాద్‌ల దుకాణాలన్ని తిరిగితే ఒకడు సిమెంటు రేకులు మంచియంటడు, ఇంకొకడు ఇనుప రేకులంటడు. మళ్ల పెంకలే కప్పుదామంటే, "తిప్పేటోడు యాడున్నడమ్మా?" అని నీ కొడుకు నన్నే అడుగుతడు. కోపమంత నీ మీదికే వస్తది.

ఆఖరికి ఇనుప రేకులకు ఒప్పుకున్న. వాన పడితే పక్కనున్నోల్ల మాట గూడ ఇనవడదట, కానీ తిప్పే పని లేదట. రేపు మేస్త్రి పాత పెంకలు దించుతడు. నిచ్చెన నేను పట్టుకుంట అన్న. "నువ్వెందుకమ్మా, పైన వాసానికి తాడుతోని కడ్తం" అన్నడు.

గట్ల కట్టొచ్చని ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న చెప్పినవా నువ్వు?