లంక కేసులో పెద్దల్లుడి సాక్ష్యం

మా కిటికీలోంచి ఎదురుగా కనపడుతూ, పలకరిద్దామంటే మాత్రం అందని చిన్నల్లుడికి, పెద్దల్లుడు రాయునది.

నేను క్షేమం. నువ్వు మరీ క్షేమంగా ఉన్నట్టున్నావు. మొన్న నీ వసారాలో దర్జీ టేపు పట్టుకుని నీ చుట్టూ తిరగడం కళ్లారా చూశాను. నీ నడుముకు ఆ టేపు చాలలేదు కూడా. నడి ఏట్లో లంక మీ దేశానిదా, మా దేశానిదా అని అంతర్జాతీయ న్యాయస్థానంలో కేసు నడుస్తోంది కదా, మీవాళ్లు నిన్ను సాక్షిగా విమానంలో తీసుకెళ్తారట. కోటు అందుకట.

ఏమయ్యా, ఆ ఏటి గురించి నీకేం తెలుసు? పడవ నడిపావు, సరే. ఆ పడవ చేసిందెవరు? నేను. నా పడవే లేకపోతే నీ సాక్ష్యం ఈదుకుంటూ పోవాలి. అక్కను నేను చేసుకున్నాను, చెల్లెల్ని నువ్వు చేసుకున్నావు. ఇంటికి పెద్దల్లుణ్ణి నేను బతికుండగా ప్రపంచం ముందు నువ్వెలా నిలబడతావు? మామగారి పెద్ద కుర్చీలో కూడా ఇలాగే నాకంటే ముందు కూచున్నావు. నేను మరిచిపోలేదు.

ఇదివరకు ఒడ్డున నిలబడి ఓ కేక వేస్తే సరిపోయేది. కేసు తేలేదాకా ఏటికి అడ్డంగా ఎవరూ అరవకూడదని రెండు వైపులా బోర్డులు పెట్టారు గనక ఈ రాత. నేను చదువుకున్నది తక్కువ. అక్షరాలు వంకరగా ఉంటే నువ్వే తల వంచుకుని చదువుకో.

ఇట్లు,
నీకంటే ముందు ఆ ఇంటికి అల్లుడైనవాడు.

తా.క. కోటు రంగేమిటి? ఊరికే అడుగుతున్నాను.

*

పెద్దవారైన అన్నయ్యగారికి, తమ్ముడు నమస్కరించి రాయునది.

మీ ఉత్తరం మీ రాజధానికీ, అక్కణ్ణుంచి మా రాజధానికీ వెళ్లి మా ఇంటికి చేరేసరికి నా కోటు తయారైపోయింది. బూడిద రంగు.

కుర్చీ సంగతంటారా, దాని కాలు ఊగుతోందని, మీరు పడకూడదని, మామగారు ముందు నన్ను కూచోబెట్టి చూశారు. పడ్డాను. మీరు నవ్వారు. అది మాత్రం మరిచిపోయారు.

ఏటి లోతైన పాయే సరిహద్దు అని రెండు దేశాలూ ఎప్పుడో ఒప్పందం రాసుకున్నాయట. ఏరేమో ఆ ఒప్పందం చదవలేదు, పక్కకి జరిగింది. పాయ ఇదివరకు లంకకు ఏ వైపున పారేదో పడవ నడిపినవాడు చెప్పాలన్నారు మా లాయరుగారు. పడవ చేసినవాడు అనలేదు. అయినా నేను మీ గురించి చెప్పాను. "ఆయన చేసిన పడవ కారుతుందా?" అని అడిగారు. నిజం చెప్పాల్సిన కేసు కదా అన్నయ్యగారూ, నిజమే చెప్పాను.

ఇట్లు,
మీ పడవలో నీళ్లు తోడుకుంటూ బతికిన తమ్ముడు.

తా.క. కోటుకి లోపల జేబు కూడా ఉంది.

*

కారే పడవలో ఇన్నేళ్లూ మునక్కుండా తిరిగిన మొనగాడికి, అది చేసినవాడు రాయునది.

మునిగావా? లేదు కదా. మరి నోరు మూసుకో.

మా దేశం తరఫున వాదించే లాయరమ్మ మా ఊరి లాడ్జిలో దిగిందని తెలిసి నేనే వెళ్లాను. మెట్ల మీద కూచున్నాను. వచ్చేపోయేవాళ్లు నన్ను తొక్కుకుంటూ పోయినా కదల్లేదు. చివరికి ఆవిడే పిలిచింది.

"తాతా, లంకలో మీరేం చేసేవారు?" అంది.

"నేనేం చేస్తానమ్మా, పడవలు మా కొట్టంలోనే చేస్తాను" అన్నాను.

"అయితే మీతో పని లేదు. ఆ నేల మీద పనిచేసినవాళ్లు కావాలి" అంది.

నాకు ఒళ్లు మండింది. "మా ఇంటిది అక్కడ పుచ్చతోట వేసేది! కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ! కేసు పేరు చెప్పి మీరే ఆపించారు. ఆ లంకలో కాసిన ప్రతి కాయా మా దేశపు కాయే!" అన్నాను.

ఆవిడ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని రాసుకుంది. అంత గొప్ప మాట నువ్వు జన్మలో ఆడావా? "మీ ఇంటికి కారు పంపిస్తాం" అని కూడా అంది. విన్నావా? కారు. నీకు కారు చెప్పారా?

ఇట్లు,
ప్రపంచం పిలిచిన పెద్దల్లుడు.

తా.క. నా కోటు నల్లది. లోపల రెండు జేబులు. ఏం పెట్టుకోవాలో తోచక ఒకదానిలో పెన్సిలు, ఇంకోదానిలో ఉలి పెట్టాను.

*

అన్నయ్యగారికి, తమ్ముడి నమస్కారాలు. ఈసారి కొంచెం పొట్టిగా.

మీ పుచ్చకాయల మాట ఎలా పొక్కిందో గానీ, మా లాయరుగారు చెమటలు కక్కుకుంటూ వచ్చారు. "మీ ఆవిడ కూడా లంకలో తోట వేసేదా?" అన్నారు. వేసేదన్నాను. వదిన కాయలకంటే పెద్ద కాయలన్నాను. అన్నయ్యగారూ, మీరు కారు కారు అని రాసి నా చేత అనిపించారు. "ఇక పాయ సంగతి పక్కన పెడదాం" అని ఆయన సంబరంగా వెళ్లిపోయారు. మాకూ కారు వస్తుంది. మీదానికంటే పెద్దదే అయ్యుంటుంది.

ఇట్లు,
మీకేమీ తీసిపోని తమ్ముడు.

తా.క. దర్జీని మళ్లీ పిలిచి రెండో జేబు కుట్టించాను. మీ మరదలు పొద్దుణ్ణుంచి పెట్టె సర్దుతోంది. నా బట్టలే అనుకుంటాను. అడగలేదు.

*

నాలాగే గుమ్మంలో మిగిలిపోయిన తమ్ముడికి, అన్నయ్య రాయునది.

కారొచ్చిన రోజు గడ్డం గీసుకుని, కోటు తొడుక్కుని కారులో ముందు సీట్లో కూచున్నాను. డ్రైవరు దిగమన్నాడు. మీ వదిన పెట్టె పట్టుకొచ్చి వెనక కూచుంది. "నువ్వెక్కడికే?" అంటే "తోట వేసింది నువ్వా?" అంది. కారు పోయింది. దుమ్ము నా కోటు మీద పడింది. ఎదురుగా చూస్తే నువ్వూ కోటుతో నిలబడి ఉన్నావు. చెయ్యి ఊపావు. అరవకూడదన్నారు గానీ ఊపకూడదని బోర్డులో లేదు గనక నేనూ ఊపాను.

టీవీలో చూశావుగా. అంతమంది జడ్జీల ముందు అక్కచెల్లెళ్లిద్దరూ ఒకే బల్ల దగ్గర! "మీ రెండు తోటలకీ మధ్య గట్టెక్కడ?" అని అడిగితే మీ వదిన ఏమంది? "గట్టెందుకండీ, నేను గుంట తీస్తే మా చెల్లి గింజ వేస్తుంది" అంది. ఆ కాయ ఏ దేశానిదంటే మరదలు, "తియ్యగా ఉంటే తనది, చప్పగా ఉంటే నాది అంటుందండీ మా అక్క" అంది. పెద్ద జడ్జి నవ్వాడు. నన్ను పిలిచి ఉంటే నవ్వేవాడు కాదు.

ఇప్పుడు తీర్పొచ్చింది, ఒడ్డున బోర్డులు మాత్రం ఇంకా తియ్యలేదు. లంక రెండు దేశాలదీనట. సాగు చేసే ఆ ఇద్దరూ ఏ ఒడ్డు నుంచైనా పాస్‌పోర్టు లేకుండా వెళ్లొచ్చట. మిగతావాళ్లెవరైనా అడుగు పెట్టాలంటే సాగుదారులిద్దరి సంతకాలూ కావాలట. మిగతావాళ్లంటే మనమే. మీ వదినని సంతకం అడిగాను. "ముందు ఆ పడవ కారకుండా చెయ్యి, తర్వాత చూద్దాం" అంది. నీ నోరు అంత పని చేసింది.

నా గురించి మరదలితో ఓ మంచి మాట చెప్పు. నీ గురించి నేనిక్కడ చెబుతాను. కుర్చీ సంగతి వదిలేశాను.

ఇట్లు,
ఎవరూ పిలవని అన్నయ్య.

తా.క. మన కోట్లు పట్టుకుపోయి తోటలో బెదురుబొమ్మలకి తొడిగారు, చూశావా? మనకి లేని అనుమతి వాటికుంది. అయితే నీ కోటు ముందు వరసలో ఉంది, నాది వెనక. ఇంటికి పెద్దల్లుణ్ణి. మీ ఆవిడతో చెప్పి మార్పించు.