పక్కన కూర్చునే పని

మా పిట్టకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ మీ నాన్నా నేనూ కులాసా. అంటే నాన్న కులాసా, నా కంగారు మామూలే. ఫోన్‌లో అయితే నిన్ను మాట్లాడనివ్వనని ఉత్తరం రాయమన్నావు. సరే, రాస్తున్నాను. మధ్యలో ఎన్నిసార్లు ఫోన్ చేతిలోకి తీసుకున్నానో మాత్రం అడక్కు.

ఆఫీసులో నన్ను ఆంటీ అంటున్నారా అని అడిగావు. మొదట్లో అన్నారు, ఇప్పుడు మేడమ్ అంటున్నారు. ముందు వార్డులో నర్సు, తర్వాత ఇంట్లో కుట్టుమిషను, ఆపైన ఫిర్యాదులు వినే కాల్ సెంటరు, ఈ వయసులో యూఎక్స్ డిజైనరు! మీ మేనత్తయితే "ఇంతకీ ఏం పని వదినా అది, బొమ్మలెయ్యడమా?" అంటోంది. బొమ్మలు కాదు. ఆసుపత్రి యాప్ వాడేవాళ్ళు ఎక్కడ తికమకపడుతున్నారో చూసి, ఆ తెరను సరిచేయడం. రోగుల కంగారు ఎరిగినదాన్నని తీసుకున్నారు గానీ ఇంకా పర్మనెంట్ చేయలేదు.

మొన్నటి టెస్ట్ ఎలా జరిగిందన్నావు. ఒక పెద్దాయనకు ఫోనిచ్చి డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోమన్నాం. పక్కన నేను నోరు మెదపకుండా కూర్చోవాలి, అదే రూలు. నేను పెట్టిన బటన్ ఎదురుగానే ఉన్నా ఆయనకు కనిపించదే! వేలు దాని చుట్టూ తిరిగి తిరిగి తెర అంచున ఆగిపోయింది. "నావల్ల కాదమ్మా, నాకే తెలివి లేదు" అన్నాడు. నా ప్రాణం ఊరుకోలేదు. నేనే నొక్కేశాను. టెస్ట్ కాస్తా చెడింది.

మా టీమ్ లీడరు, నీకంటే కాస్త పెద్ద పిల్ల, నన్ను పక్కకు పిలిచింది. "మేడమ్, ఆయన ఇంటికెళ్ళాక పక్కన మీరుండరు కదా. ఎక్కడ ఆగిపోయాడో చూస్తేనే కదా మనం బాగుచేసేది?" అంది. సోమవారం ఇంకో టెస్ట్. అందులోనూ చేయి పెడితే ఉద్యోగం ఉండదు.

ఇక అసలు సంగతి. రెండు సబ్జెక్టులు పోయాయని, చదువు మానేయాలనుందని, నన్ను మాత్రం రావద్దని రాశావు. అది చదివిన వెంటనే ఆదివారం రాత్రి బండికి టికెట్ తీసేశాను. సోమవారం పొద్దున్నే మీ ప్రిన్సిపాల్ ముందు కూర్చుందామని! ఆఫీసులో జ్వరమని చెప్పేదాన్ని. టెస్ట్ కూడా తప్పుతుందని లోపల కాస్త సంతోషపడ్డాను కూడా. మీ నాన్నకు చెప్పలేదు.

సంచీ సర్దుతుంటే ఆ పెద్దాయన వేలు కళ్ళ ముందు ఆడింది. "నాకే తెలివి లేదు" అని నువ్వూ రాశావు కదే. ఆ చదువు ఎంచింది నేను. కాలేజీ ఎంచింది నేను. నిన్ను ఒక్కసారైనా ఆగి వెతుక్కోనిచ్చానా?

టికెట్ రద్దు చేశాను. సోమవారం ఆఫీసుకే వెళ్తాను. భయంగా ఉంది పిట్టా, ఉద్యోగం పోతుందేమోనని, అంతకంటే ఎక్కువగా నీ గురించి. మానెయ్యమనీ అనను, మానొద్దనీ అనను. ఎక్కడ ఆగిపోయావో మాత్రం రాయి, చూస్తాను. వేళకు తిను. ఇది సలహా కాదు.

ఇట్లు,
పక్కనే కూర్చుని నోరు మెదపని
అమ్మ