మిజ్యద్ పెళ్ళిలో మొదటి చప్పుడు

ఖిర్బత్ షీహ్, హౌరాన్
17 సెప్టెంబరు 2022

దేవుడి పేరు తలుచుకుని, రమ్సాలో ఉన్న తమ్ముడు ఔవాద్‌కు అక్క హమ్దా రాసేది. నీకూ మరదలికీ పిల్లలకూ సలాం. ఇక్కడ అందరం ఆ పైవాడి దయవల్ల నిలబడే ఉన్నాం. నీ మోకాలి నొప్పి తగ్గిందని టాక్సీ డ్రైవరు చెప్పాడు, సంతోషం. నువ్వు ఫోను ఎత్తడం లేదు కాబట్టి ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. ఫోనైతే మధ్యలో పెట్టేస్తావు, ఉత్తరం ఆ వీలు ఇవ్వదు.

ఈ ఏడు గోధుమ అంతంతమాత్రం. జీవాలు బాగున్నాయి. మీ పెరట్లో అంజూర చెట్టు విరగకాసింది. పళ్ళు ఎండబెట్టి డబ్బాలో పంపుతున్నాను. డ్రైవరు దారిలో తిన్నవి పోగా మిగిలినవి నీవి.

మిజ్యద్ పెళ్ళి గురువారం జరిగింది. నువ్వు రాలేదు. "తూటా పేలని పెళ్ళికి మేనమామ ఎందుకు? అది పెళ్ళా, పరామర్శా?" అని కబురు పెట్టావు. ఆ మాట ఊరంతా తిరిగింది. పెళ్ళికొడుకు స్నానం చేసి బయటికి రాగానే మొదటి తూటా మేనమామ పేల్చాలి. మన నాన్న పెళ్ళిలోనూ అలాగే జరిగిందట. నీ హక్కు నా కొడుకు తీసేశాడని నీ కోపం. ఎందుకు తీశాడో ఇప్పుడు చెబుతాను.

మా పెద్దాడు సత్తాం కూతురు రగద్ గుర్తుంది కదా. నువ్వు సరిహద్దు దాటేనాటికి దానికి నాలుగేళ్ళు. ఇప్పుడు ఎనిమిది. రెండేళ్ళ కిందట కుట్టించిన పండగ గౌను మొన్న పండక్కీ సరిపోయింది. బట్ట కలిసొచ్చిందని మొదట సంతోషించాం కూడా. తర్వాత చెవి వెనక జుట్టు ఊడి, నాణెమంత మేర నున్నగా అయింది. రోజూ కడుపునొప్పి, ఒంట్లో జ్వరం మాత్రం లేదు. తలుపు కొట్టుకుంటే కర్రలా బిగుసుకుపోయేది. బళ్ళో పాఠం చెవికెక్కడం లేదని, పిల్ల మొద్దని పంతులమ్మ చెప్పి పంపింది. నేను సోంపు కషాయం కాచి పోశాను. అమ్మ నాటి, భయం దింపే ఇత్తడి గిన్నె తీసి, నీళ్ళు పోసి, రాత్రంతా మంచులో ఉంచి తెల్లారి తాగించాను. గిన్నె తళతళలాడింది, పిల్ల అలాగే ఉంది.

మొన్న వసంతంలో వీధి చివరింట పెళ్ళి జరిగింది. తుపాకులు మొదలవగానే రగద్ చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. చూపు ఎటో ఉంది. చేతులు మాత్రం కొడుతూనే ఉన్నాయి. మోత ఆగాక నా ఒళ్ళో వాంతి చేసుకుంది.

అప్పుడు నాకు మన గడ్డి నిలవచేసే రాతి గది గుర్తొచ్చింది. నువ్వు సరిహద్దు దాటిన ఆ వేసవిలో బాంబులు పడుతుంటే అందరం అందులో దాక్కున్నాం. నువ్వు రగద్‌ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "భయం లేదే పిట్టా, ఎవరిదో పెళ్ళి. తుపాకులు పేలుస్తున్నారు. చప్పట్లు కొట్టు" అన్నావు. అది కొట్టింది. బాంబు పడ్డప్పుడల్లా కొట్టింది. మేం నవ్వాం కూడా. నీ తప్పని రాయడం లేదు. తుపాకి మోతకు ఈ ఊళ్ళో మనకు తెలిసిన మంచి పేరు పెళ్ళి ఒక్కటే. నువ్వు అనకపోతే నేనే అనేదాన్ని.

దరా పట్నంలో డాక్టరమ్మకు చూపించాం. నెత్తురు పరీక్షలన్నీ బాగున్నాయంది. మరి రోగం ఏమిటని అడిగాను. "ఇంటికి నిప్పంటుకుంటే ఎవరైనా గోడలకు సున్నం వేస్తారా ఖాలా? ఈ పిల్ల ఒంటికి ఇల్లు ఇంకా తగలబడుతూనే ఉంది. గుండె పరుగెడుతుంది, కండరం బిగుస్తుంది. అరుగుదల, నిద్ర, ఎదుగుదల, జుట్టు, చదువు... అవన్నీ తర్వాత చూద్దాంలే అని ఒళ్ళు పక్కన పెట్టేసింది" అంది. నాకు వెంటనే అర్థమైంది. తోడేలు వాసన పట్టిన మంద ఎంత మేసినా ఒళ్ళు చేయదు. అది మనం చూసిందే.

మందు రాయమన్నాను. "రాసేది ఏముంది? రోజూ ఒకే వేళకు తిండి, ఒకే వేళకు నిద్ర. చప్పుడు చేసేముందు చెప్పండి. అది ఏమిటో ఉన్నదున్నట్టు చెప్పండి. భయం వేసినప్పుడు పక్కన ఒక మనిషి కూర్చుని, కడుపు మీద చెయ్యి పెట్టించి, మెల్లగా ఊపిరి వదలమనాలి. నెలలు పడుతుంది" అంది.

ఇంటికొచ్చి మొదలుపెట్టాం. మేకు కొట్టేముందు చెబుతాం. కుక్కరు కూతకు ముందు చెబుతాం. పక్కింటి అబూ ద్యాబ్ సంగతి నీకు తెలుసు కదా, ఏదీ చిన్నగా చేయడు. రోజూ వీధిలో నిలబడి, "రగద్ మేడమ్! నా బండి దగ్గబోతోంది! తమరి సెలవా?" అని అరుస్తాడు. ఇది లోపలినుంచి, "కానివ్వు తాతా!" అంటుంది. ఆ తర్వాతే కిక్కు కొడతాడు. వాళ్ళావిడ మాత్రం, "నలభై ఏళ్ళ కాపురంలో నన్ను ఒక్కసారి అడిగావా?" అని దెప్పుతుంది.

ఇదంతా చూసే మిజ్యద్ తన పెళ్ళిలో తూటా పేలకూడదన్నాడు. పెద్దలు కూర్చున్నారు. "మీసాలు కూడా తీసేయమంటావా?" అని ఒకాయన అడిగాడు. "అది మీ ఇష్టం బాబాయ్, తుపాకులు మాత్రం ఇంట్లో పెట్టి రండి" అన్నాడు మిజ్యద్. మన ఊరి మగవాళ్ళ గురించి మంచిమాట రాయడం నాకు అలవాటు లేదు. ఈ ఒక్కసారికి రాస్తున్నాను. అందరూ వట్టిచేతులతో వచ్చారు.

తూటా లేకపోతే మొదటి చప్పుడు ఏది? మన తాత నాటి కాఫీ రోలు బయటికి తీశాం. అది మగవాళ్ళు దంచేదే. పెళ్ళికి వారం ముందే రోకలి రగద్ చేతికిచ్చాడు వాళ్ళ బాబాయి మిజ్యద్. "చప్పుడు నువ్వే చెయ్యి. అప్పుడు ఎప్పుడొస్తుందో నీకే తెలుస్తుంది" అన్నాడు. వారం రోజులు వట్టి రోలు దంచి మా చెవులు చిల్లులు పెట్టింది.

పెళ్ళికొడుకు గడప దాటాడు. ఇది రోకలి ఎత్తింది. అప్పుడే వెనకనుంచి తుపాకి పేలింది. ఆపకుండా పేలింది. పెళ్ళికూతురి చిన్నాన్న కొడుకు, పై ఊరివాడు. మాట చేరలేదో, చేరినా చెవిన పెట్టలేదో. రోకలి కిందపడింది. ఒక్కరూ కదల్లేదు. ఊరంతా ఒక పిల్ల ముఖం చూస్తూ నిలబడింది. దాని రెండు చేతులూ పైకి లేచాయి. ఇక చప్పట్లే అనుకున్నాను.

చేతులు చప్పట్లకు వెళ్ళలేదు. మెల్లగా దిగి కడుపు మీద ఆగాయి. ఊపిరి వదిలింది. "అదేమిటి?" అని అడిగింది. "తుపాకి. పెళ్ళివాళ్ళ కుర్రాడు గాల్లోకి పేల్చాడు. అయిపోయింది" అన్నాడు అబూ ద్యాబ్. జీవితంలో మొదటిసారి చిన్నగా మాట్లాడాడు. ఇది రోకలి తీసుకుంది. పెదాలు ఇంకా తెల్లగానే ఉన్నాయి. దంచింది. మొదట తడబడింది, తర్వాత కుదిరింది. నాలుక ఆడిస్తూ ఆడవాళ్ళు వేసే పెళ్ళి కేక, జగారీత్, ఒక్కసారిగా లేచింది. మగవాళ్ళు చేతులు పట్టుకుని ఆ దరువుకే దబ్కే అడుగు వేశారు.

ఆ కుర్రాడు సిగ్గుపడి తుపాకి తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టాడు. "మామా, ఇంకోసారి ముందు చెప్పు" అంది రగద్. అందరూ నవ్వారు. అది నవ్వలేదు, నిజంగానే చెప్పింది.

పూర్తిగా బాగైందని రాయను. ఆ సాయంత్రం కడుపునొప్పి వచ్చింది. పెళ్ళి విందులో మలీహీ మాంసం రెండు ముద్దలకు మించి తినలేదు. కానీ చెవి వెనక మెత్తగా నూగులాంటి జుట్టు వస్తోంది. పండగ గౌను చంకల్లో బిగుతైందని నిన్న గొడవ చేసింది. ఆ గొడవ విని నేను వంటింట్లోకి వెళ్ళి కాసేపు నిలబడ్డాను. మన వంశంలో తుపాకి పట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. దీని అంత గట్టివాళ్ళను నేను చూడలేదు.

రోలు దగ్గర నీ చాప అలాగే ఉంది. ఆలివ్ కోతకు రా. మొదటి కాఫీ నీకే.

నీ అక్క,
హమ్దా

మరిచిపోయాను. నిన్న దానికి తల దువ్వుతూ అడిగాను, ఆ రాతి గదిలో ఎవరిదో పెళ్ళని ఔవాద్ తాత చెబితే నమ్మావా అని. "లేదు నాయనమ్మా, అవి బాంబులని నాకు తెలుసు. తాత చేతులు వణికాయి. నేను చప్పట్లు కొడితే ఆగాయి. అందుకే కొట్టాను" అంది.