బెన్నీ పేజీలో వందనాలు

మోవా, రాయపూర్
6 ఆగస్టు 2023

గువ్వా, నా బంగారు గువ్వా,

అమ్మ రాస్తున్నాను. ఫోను ఉండగా ఈ కాగితాలేంటని నీ తోటి నర్సులు నవ్వుతున్నారని రాశావు. నవ్వనీ. ఫోన్లో నువ్వు "అమ్మా" అనగానే నేను ఏడుస్తాను, నేను ఏడవగానే నువ్వు ఏడుస్తావు, చెప్పాల్సింది చెప్పకుండానే ఇద్దరం పెట్టేస్తాం. ఉత్తరమైతే ఏడ్చి, మొహం కడుక్కొచ్చి, ఆపిన చోట మళ్ళీ మొదలెట్టొచ్చు. అయిదో తరగతి చదువు నాది, తప్పులుంటే సర్దుకో.

మీ తమ్ముడు పోయి వచ్చే నెల పదిహేడుకి రెండేళ్ళు. జ్ఞాపకార్థ కూడిక ఆదివారమే పడింది. భోజనాలు పెడదామా అని మీ నాన్నని అడిగితే "నీ ఇష్టం" అన్నారు. రైల్వే నుంచి రిటైరయినప్పట్నుంచీ ఆయన అంతే. వరండాలో నా వైపు వీపు పెట్టి పూల కుండీల దగ్గర కూర్చుంటారు. వంకాయ వండితే ముక్కలన్నీ కంచం అంచుకి నెట్టేస్తారు. ముప్ఫయ్యేళ్ళుగా ఆ అంచు నేనే కడుగుతున్నాను.

ఇంక కబుర్లంటే, పక్కింటి రంగనాయకమ్మగారి ఫోన్లో ఈ రాప్ పాటలు చూస్తున్నాను. నాకేం సరదా కాదు, ఆవిడ చూపిస్తే చూస్తున్నాను. ఒక్కొక్కడు మెడలో గేదెని కట్టేసే గొలుసు వేస్తాడు. చేతులు ఎందుకలా ఆడిస్తారు, ఈగలా? పాట మొదలవగానే నేను గొప్పోణ్ణి, నేను గొప్పోణ్ణి అంటారు. గొప్పోళ్ళు అలా చెప్పుకోరు కదే. కానీ ఊపిరి తీసుకోకుండా అంతసేపు చెప్పడం తేలిక కాదు. మన పాస్టరుగారు కూడా మధ్యలో నీళ్ళు తాగుతారు.

టీవీలో ఒక ఆటల సినిమా వేశారు. అవన్నీ ఒకటే. కోచ్ అరుస్తాడు, వాన పడుతుంది, ఆఖరి నిమిషంలో గెలుస్తారు. తెలిసి కూడా ఏడ్చాను. కానీ ఓడిన పిల్లలు కూడా పొద్దున్నే ఏదో తినే వచ్చుంటారు కదా. వాళ్ళకి డబ్బా కట్టిన అమ్మని ఒక్క సినిమాలోనూ చూపించరేం?

వేళకి తిను.

మీ అమ్మ
రూతు

తా.క. ఫోన్లో మనం రాసిన దాని కింద ఎవరైనా ఎర్ర గుండె పెడితే దానర్థం ఏంటి? రంగనాయకమ్మగారు అడగమన్నారు.

ఇంకో తా.క. పాపం ఆవిణ్ణి ఫోన్లో ఎవరో ఆడపులి అట, నోటికొచ్చినట్టు తిట్టింది. ఏ తల్లి కన్నదో గానీ, ఆ తల్లి పెంపకం మంచిది కాదు.

*

గుంటూరు
14 ఆగస్టు

అమ్మకి,

ప్రియాంక వందనాలు. నీకు చెప్పకూడదనుకున్నాను, కానీ చెప్పక తప్పట్లేదు. బెన్నీ పాటల పేజీని ఎవడో దొంగ పట్టుకున్నాడు. తమ్ముడి పేరు మీదే అందరికీ రాస్తున్నాడు. ఎవరో కుర్రాడు పాట పెడితే దాని కింద ఏం రాశాడో చూడు: "అందరికీ ప్రభువు పేరట వందనాలు. బాబూ, నీ గొంతులో కఫం ఉంది, మిరియాల కషాయం తాగు. ఆ బూతు ముక్క తీసేస్తే పాట బాగుంది. భోజనం చేశావా?" ఆ కుర్రాళ్ళేమో "ఆమెన్ బ్రో" అని జవాబులు! తమ్ముడు పోయాడని తెలియనివాళ్ళు "బెన్నీ తిరిగొచ్చాడు, కామెడీ మొదలెట్టాడు" అంటున్నారు. మా వార్డులో కూడా చూసి నవ్వుతున్నారమ్మా. నాకు తల ఎత్తుకోవాలంటే సిగ్గుగా ఉంది.

ఆ దొంగకి ఒక ప్రేయసి కూడా ఉంది. బంతిపువ్వు అని పేరు, బంతిపువ్వు బొమ్మ. వాడేం రాసినా వెంటనే గుండె పెడుతుంది. నేను వాణ్ణి తిడితే మధ్యలోకొచ్చి "వందనాలు చెప్పేవాళ్ళని తిట్టకూడదు తల్లీ" అని నాకే బుద్ధి చెప్పింది.

ఇప్పుడు అసలు సంగతి విను. ఆడపులి నేనే. ఆ పేరుతో దొంగని తప్ప ఎవర్నీ తిట్టలేదు. మరి రంగనాయకమ్మ ఆంటీకి ఆ తిట్లు ఎలా తగిలాయి? నాన్నతో కలిసి కూర్చుని ఆలోచించు.

ప్రియాంక

తా.క. ఆడపులి తల్లి పెంపకం మంచిది కాదన్నావు. ఆ తల్లితో నువ్వే మాట్లాడుకో.

*

మోవా
20 ఆగస్టు

గువ్వా,

నీ ఉత్తరం చదివాక చెమటలు పట్టి ఫ్యాన్ కింద కూర్చున్నాను. మీ నాన్న "ఏంటి" అన్నారు. "ఉక్కపోత" అన్నాను. బయట వాన పడుతోంది.

రంగనాయకమ్మగారు అలాంటి మనిషి కాదమ్మా. ఆవిడకి ఫోన్లో పచ్చ బటన్, ఎర్ర బటన్ తప్ప ఏమీ తెలీదు. నువ్వు ఇంత దూరం ఆలోచించకు. అయినా ఆ దొంగ ఏం తప్పు రాశాడని? కషాయం తాగమన్నాడు, తిన్నావా అన్నాడు. ఇలాంటి దొంగలు రాయపూర్ నిండా ఉంటే పోలీసులకి పనేముంది. వాడికీ ఏదో కష్టం ఉండుంటుంది. "చచ్చినవాడి పేరు మీద బతకడానికి సిగ్గుండాలి" అని రాశావే, ఆ మాట చదివి ఆ మనిషి రెండు రోజులు ముద్ద మింగలేదేమో. నేను ఊహించి చెప్తున్నాను, నాకేం తెలుసు.

నా పెంపకం గురించి నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మీ అమ్మ

తా.క. గుండె అర్థం ఇంకా చెప్పలేదు నువ్వు. బంతిపువ్వు మంచి పిల్లే అనిపిస్తోంది.

*

గుంటూరు
27 ఆగస్టు

అమ్మా,

మొదటి ఉత్తరంలో ఆంటీ తన ఫోన్లో రాప్ పాటలు చూపించిందన్నావు. రెండో దాంట్లో ఆవిడకి రెండు బటన్లే తెలుసన్నావు. ఆవిణ్ణి కాపాడకు. నేను నేరుగా ఆవిడకే రెండు పేజీలు కడిగి ఉత్తరం రాసి పడేశాను.

ఎందుకంటే దొంగ ఇప్పుడు హద్దు దాటాడు. "సెప్టెంబరు 17, ఆదివారం, బెన్నీ జ్ఞాపకార్థ కూడిక. పాటలు పాడే పిల్లలందరూ భోజనానికి రండి" అని మన మోవా ఇంటి అడ్రసు పెట్టాడు! పక్కింటివాళ్ళకి కాక ఇంకెవరికి తెలుస్తుంది? ఆ రోజు తలుపులు వేసుకుని ఉండండి.

ఇంకో పని కూడా చేశాను. తమ్ముడి డెత్ సర్టిఫికెట్ పెట్టి, పేజీ మూసెయ్యమని కంపెనీకి అర్జీ పంపాను. సెప్టెంబరు పన్నెండుకల్లా తీసేస్తామన్నారు. పాటలు, వీడియోలు, అన్నీ పోతాయి. నాకూ బాధే. కానీ వాడి పేరుతో ఊరంతా నవ్వుతుంటే చూడలేనమ్మా.

ప్రియాంక

*

మోవా
31 ఆగస్టు, స్పీడు పోస్టు

గువ్వా,

ముందు ఆ అర్జీ వెనక్కి తీసుకో. తర్వాత మిగతాది చదువు.

తీసుకున్నావా?

దొంగని నేనే.

నువ్వు బీరువాలో పెట్టి తాళం వెయ్యమన్న బెన్నీ ఫోను నేను ఛార్జింగ్ పెట్టాను. తెరవడానికి వాడు వేలితో పైనుంచి కిందకి, అడ్డంగా, సిలువలా గీసేవాడు. వాడికి అన్నం పెట్టేటప్పుడు ఎన్నిసార్లు చూశానో. మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే అదే తెలుగులో రాసేస్తుంది. రంగనాయకమ్మగారి పేరు అబద్ధానికి వాడుకున్నాను, ప్రభువు క్షమించాలి.

పాపం నీ ఉత్తరం ఆవిడకి చేరింది. కళ్ళజోడు విరిగిందని చదివి పెట్టమని నా దగ్గరకే తెచ్చింది! మొదటి లైనే "ఏమండీ, మీకు సిగ్గు లేదా" అని ఉంది. నేను "ఏమండీ, మీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి" అని చదివాను. అక్కణ్ణుంచి ఆపలేక రెండు పేజీలూ మోకాళ్ళ గురించే చదివాను. నువ్వు కోపంతో గీతలు గీసిన చోట నువ్వుల నూనె రాయమని చదివాను. "నా కన్నకూతురు కూడా ఇంత అడగలేదు రూతమ్మా" అని కళ్ళు తుడుచుకుంది. ఆవిడ కళ్ళు తుడుచుకుంటుంటే నాకు భూమిలోకి పోదామనిపించింది.

ఎందుకు రాశానంటావా? కూడికకి వచ్చినవాళ్ళని పలకరించకుండా పంపిస్తామా? "వందనాలు, భోజనం చేశారా" అని ఒక్కొక్కరినీ అడగడం మన ఇంటి పద్ధతి. వాడి పేజీలో పిల్లలు "మిస్ యూ బెన్నీ" అని రాసి పోతున్నారు. నాకు వాళ్ళు మన గుమ్మంలో నిలబడ్డట్టే ఉంది. జవాబు చెప్పేవాళ్ళు లేకుండా ఎలా వదిలేస్తాను? ఆ తర్వాత వాళ్ళ పాటలు విన్నాను. విన్నాక బాగాలేకపోతే చెప్పాలి కదా.

ఇంకోటుంది. అసలు సిగ్గు అదే. 2019 క్రిస్మస్‌కి చర్చిలో వాడు రాప్ పాడాడు, గుర్తుందా? "మా అమ్మ అరిస్తే మోవా మొత్తం లేస్తుంది, బిలాస్‌పూర్ బస్సు కూడా ఆగి చూస్తుంది" అని మొదలెట్టాడు. అందరూ నా వైపు తిరిగి నవ్వారు. నేను లేచి "ఆపండి ఆ మైకు" అన్నాను. వైరు పీకేశారు. వాడు మైకు కింద పెట్టి దిగిపోయాడు. తర్వాత నా ముందు ఎప్పుడూ పాడలేదు.

పేజీలో ఆ పాట మొత్తం ఉంది గువ్వా. రెండో చరణం ఉందని నాకు తెలీదు.

"మా అమ్మ చేతి చద్దన్నం, ఇక్కడోళ్ళది బాసీ
రెండూ ఒకటే గిన్నెలో, తిను రా దోస్తు వచ్చేసి
ఆ కేకే లేకపోతే నేను నిద్ర లేచేవాణ్ణా
ఆ చెయ్యే లేకపోతే నేను మనిషినయ్యేవాణ్ణా"

సిల్తారా ప్లాంటులో వాడితో పనిచేసిన ఉమేష్‌ని అడిగాను, ఆ చరణం ఎప్పుడు రాశాడని. రెండూ ఒకే రోజు రాశాడట. ఒక్క నిమిషం ఓపిక పట్టుంటే వినేదాన్ని. ఆ పేజీ పోతే మళ్ళీ వైరు పీకినట్టే. పీకనివ్వకు.

మీ అమ్మ

తా.క. మీ నాన్నకి ఇవేమీ తెలీదు. చెప్పకు, ఆయన తట్టుకోలేరు.

ఇంకో తా.క. బంతిపువ్వు బెన్నీని ప్రేమించిన పిల్ల అని నా అనుమానం. పొద్దున్న అయిదింటికే గుండె పెడుతుంది, పాపం నిద్ర పట్టదేమో. వాడు బతికుంటే మన కోడలయ్యేది. "అమ్మాయీ, భోజనానికి వస్తావా" అని రాస్తే "వస్తాను, వంకాయ వద్దు" అంది. చూశావా, మామగారికి తగ్గ కోడలు.

*

గుంటూరు
6 సెప్టెంబరు

అమ్మా,

అర్జీ వెనక్కి తీసుకున్నాను. పేజీ ఎక్కడికీ పోదు. ఆడపులి తిట్లన్నీ చెరిపేశాను, ఆడపులిని కూడా చంపేశాను. కన్నతల్లిని పట్టుకుని సిగ్గులేదా అన్నాను. ఇప్పుడు అద్దంలో చూసుకోవాలన్నా సిగ్గుగా ఉంది. రెండో చరణం నేనూ ఇప్పుడే విన్నాను. డ్యూటీ రూములో తలుపేసుకుని విన్నాను.

సెలవు దొరకలేదు. నా తరఫున కూడా అందరికీ వందనాలు చెప్పు. బంతిపువ్వుని నన్ను క్షమించమను.

ప్రియాంక

తా.క. రంగనాయకమ్మ ఆంటీ నుంచి కార్డొచ్చింది. నువ్వుల నూనె పనిచేస్తోందట. ఇప్పుడు నడుముకేం రాయాలో చెప్పమంటోంది.

*

మోవా
18 సెప్టెంబరు

గువ్వా,

నిన్న కూడిక అయింది. పన్నెండు మంది పిల్లలొస్తారని ఇరవై అయిదుగురికి వండాను. నలభై మందికి పైగా వచ్చారు. భిలాయి నుంచి కూడా వచ్చారు. గొలుసులు, చిరుగుల ప్యాంట్లు, ఒకడి జుట్టు చిలకపచ్చ. వీధిలో వాళ్ళు "క్యా హువా బడీ, దంగా హై క్యా" అని, ఏదో గొడవనుకుని అడిగారు. పాస్టరుగారు ప్రార్థన అనగానే అందరూ టోపీలు తీశారు. చిలకపచ్చ పిల్లాడు అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాడు. అన్నం సరిపోలేదు. రంగనాయకమ్మగారు మోకాళ్ళ నొప్పి మర్చిపోయి రెండో గుండిగ ఎక్కించింది. ఆవిడకి నిజం చెప్పేశాను. "మరి నువ్వుల నూనె ఎవరు చెప్పినట్టు?" అంది. "నేనే" అన్నాను. "అయితే నువ్వే నా కూతురివి, గరిటె అందుకో" అంది.

ఉమేష్ బెన్నీ పాట పాడాడు. మైకు స్టాండు లేదు, నేనే పట్టుకున్నాను. "మా అమ్మ అరిస్తే" అనగానే అందరూ నా వైపు చూశారు. ఈసారి నేనూ నవ్వాను. రెండో చరణం వచ్చేసరికి కళ్ళు తుడుచుకోబోయి మైకు వాడి ముక్కుకి తగిలించాను. వాడు ఆపలేదు. అప్పుడు చూశాను, మీ నాన్న గోడ దగ్గర స్విచ్చు బోర్డుకి అడ్డంగా నిలబడి ఉన్నారు. అరచెయ్యి ప్లగ్గు మీద వేసి. పాట అయ్యేదాకా తియ్యలేదు.

నేను మాత్రం గుమ్మం వైపే చూస్తున్నాను, బంతిపువ్వు కోసం. వంకాయ లేకుండా దొండకాయ వేపుడు చేసి, ఒక కంచం విడిగా మూత పెట్టి ఉంచాను. ఆడపిల్లెవరూ రాలేదు. చివరికి పిల్లల ఫొటో ఒకటి తీసి పేజీలో పెట్టి, "బంతిపువ్వూ, నీ కంచం ఉంది" అని రాశాను.

మీ నాన్న చొక్కా జేబులో టింగుమంది.

అనుమానమొచ్చి "వందనాలు" అని ఇంకోటి పెట్టాను. మళ్ళీ టింగు. మూడోసారి పెట్టాను. ఆయన జేబులోంచి ఫోను తీసి, కళ్ళకి దూరంగా పట్టుకుని, వేలితో ఒక్కసారి నొక్కారు. నా చేతిలో ఉన్న బెన్నీ ఫోన్లో ఎర్ర గుండె వచ్చింది.

గువ్వా, నేను కోడలనుకుని "అమ్మాయీ, బాధపడకు, నీకు మంచి సంబంధం చూస్తాను" అని కూడా రాశానే. దానికీ గుండె పెట్టారే ఆ మనిషి!

నన్ను చూసి తల దించుకున్నారు. "మొదట్నుంచీ తెలుసు. వాడి పేజీలో తిన్నావా అని అడిగేది ఇంకెవరుంటారు?" అన్నారు. మరి చెప్పలేదేం అంటే కుండీలో వాడిన బంతిపూలు తుంచుతూ, "నువ్వు ఆపమన్నావంతే రూతూ. వైరు పీకింది నేను" అన్నారు. రెండేళ్ళు ఒకే గోడకి అటూ ఇటూ కూర్చుని ఇద్దరం సిగ్గుపడ్డామే గువ్వా. ఒకళ్ళకొకళ్ళం చెప్పుకుంటే పోయేది.

మూత తీసి ఆ కంచం ఆయన ముందు పెట్టాను. అంచు ఖాళీగా తిన్నారు.

పేజీ ఇక మేమిద్దరం చూసుకుంటాం. నేను వందనాలు చెప్తాను, ఆయన గుండెలు పెడతారు. నువ్వు ఇంకో ఆడపులిని పుట్టించకు. నైట్ డ్యూటీలని తిండి మానెయ్యకు, బాగా తిను.

మీ అమ్మ