అర నిలువు లోతు

ప్రియమైన బావగారికి,

మీ బావమరిది నమస్కరించి రాస్తున్నాను. నా రాత కోడి కెలికినట్టు ఉంటుందని మీకు తెలిసిందే. అక్షరాల్లో తప్పులుంటే సర్దుకుని చదవండి, నాది ఐదో తరగతి చదువు. ఇది ఫోనులో చెప్పే మాట కాదు. అందుకని ఈ కాగితం.

అక్కకు నడుము నొప్పి తగ్గిందా? ఇక్కడ మేం బాగున్నాం.

వచ్చే వారం పడవలో నేనూ మీ చెల్లెలూ ఆ దీవికి వెళ్తున్నాం. ముప్పై ఐదేళ్ళ కిందట మనమిద్దరం పనికి వెళ్ళిన దీవే. వందల ఏళ్ళ నాడు సాధువు ఒక్కడే పడవలో వచ్చి, ధ్యానంలో కూర్చుని, అక్కడే పోయాడే, ఆ రాతి మందిరం చూడాలని మీ చెల్లెలి కోరిక. నాది వేరే పని.

ఇన్నాళ్ళూ మీకు ఒక మాట చెప్పలేదు. మందిరం ముందున్న బావిని నేను పాడుచేశాను.

పూడిక తీసి, లోపలి రాతికట్టు సరిచేయమని కదా మనల్ని పిలిచింది. మెట్ట ఊళ్ళలో తవ్విన అలవాటు నాది. ఇంకో అర నిలువు దించితే ఎండాకాలానికి ఢోకా ఉండదనుకున్నాను. ఎవరూ అడగలేదు, నేనే దిగి తవ్వాను. మర్నాడు పడవ ఎక్కే ముందు ఒక చేద తోడి తాగితే నీళ్ళు ఉప్పగా ఉన్నాయి. దీవి మొత్తానికి మంచినీళ్ళ బావి అదొక్కటే. సాధువు చూపించిన చోట తవ్వింది. పడవవాడు కేకలు పెడుతున్నాడు. నోరు తెరవకుండా ఎక్కేశాను. గిలక చట్రం బిగించే వడ్రంగం పని ఉండి మీరు ఆగిపోయారు.

బావుల పని ఎందుకు మానేశావని అడుగుతూ ఉంటారు కదా. ఇదీ సంగతి. అప్పట్నుంచీ గోడల పనే. గోడ తప్పుగా కడితే పడగొట్టి మళ్ళీ కట్టుకోవచ్చు.

అక్కడ ఇప్పుడు జనం పలచబడ్డారని విన్నాను. నా మూలంగానే ఏమో. ఉన్నవాళ్ళ కాళ్ళ మీద పడి రావాలి. మీ చెల్లెలికి ఇది తెలియదు.

మీ బావమరిది

*

ఒరేయ్ బావమరిదీ,

నీ ఉత్తరం మీ అక్క చేత రెండుసార్లు చదివించుకున్నాను. మొదటిసారి నీ రాత అర్థం కాక, రెండోసారి నమ్మలేక. "వీడు చిన్నప్పుడు కుండ పగలగొట్టినా ఇంతే, మూడు రోజులు ముద్ద మింగకుండా తిరిగి నాలుగో రోజు చెప్పేవాడు" అంది మీ అక్క. ముప్పై ఐదేళ్ళు పట్టిందంటే ఇది పెద్ద కుండే.

నేనూ రావాల్సింది. ఈ మోకాళ్ళు గుమ్మం దాటనివ్వడం లేదు. వీటికంటే మీ నాన్నే నయం, బతిమాలితే కాస్త దిగి వచ్చేవాడు.

ఒక్కటే చెబుతాను. వెళ్ళగానే ఎవరి కాళ్ళ మీదా పడకు. ముందు దోసెడు నీళ్ళు తాగు. ఆ తర్వాత తాడుకు రాయి కట్టి లోతు చూడు. ఎందుకని అడక్కు. నేను చెబితే ఓదార్పు అనుకుంటావు. నీ నాలుక చెబితే నమ్ముతావు. చూసి నాకు రాయి. అప్పుడు నేను చెప్పాల్సింది చెబుతాను.

పడవలో మధ్యన కూర్చో. పోయినసారి నా చొక్కా మీద కక్కావు.

నీ బావ

*

ప్రియమైన బావగారికి,

ఈ ఉత్తరం దీవి నుంచి రాస్తున్నాను. పలక లేక మోకాలి మీద పెట్టుకుని రాస్తున్నాను, గీతలు వంకరపోతే ఏమనుకోకండి.

ఈసారి కక్కలేదు.

దీవి అలాగే ఉంది. ఒక చివర నిలబడితే రెండో చివర కనిపిస్తుంది. కొబ్బరిచెట్లు, తెల్ల ఇసుక, పాతిక ఇళ్ళు. మందిరం ఆవరణలో మాట్లాడకూడదన్న నియమం ఇప్పటికీ ఉంది. నాకు హాయిగా ఉంది. మీ చెల్లెలు ఒక పూటంతా నోరు మెదపలేదు. పెళ్ళయ్యాక ఇదే మొదలు.

బావి దగ్గరికి పోకుండా ఆవరణ గుమ్మం బయటే నిలబడ్డాను. మందిరం చూసుకునే ఆవిడ చేద తోడి, బయటికి తెచ్చి నా దోసిట్లో పోసింది. "తాగడానికి అంత ఆలోచన ఏంటి తాతా, విషమా?" అంది.

తాగాను. తియ్యగా ఉన్నాయి బావగారూ. ఇంకో దోసెడు అడిగాను. ఇంకోటి. "ఇంట్లో నీళ్ళే పెట్టనట్టు తాగుతున్నాడు" అని మీ చెల్లెలు ఆవిడతో చెప్పుకుంది. తర్వాత నా మొహం చూసింది. అక్కడే మెట్టు మీద కూర్చోబెట్టి, కొంగుతో నా గడ్డం తుడిచింది. అప్పుడు ఆమెకు అంతా చెప్పాను.

జనం పలచబడింది నీళ్ళ వల్ల కాదట. చేపల రేవు అవతలి ఒడ్డుకు మారిందట.

తాడు కూడా వేశాను. నేను తవ్వినదాంతో కలిపి మూడున్నర నిలువులు ఉండాలి. మూడే వచ్చింది. నా ఎత్తుతోనే కొలిచాను. వయసుకు నేను కుంగాను కాబట్టి లెక్క ఎక్కువ రావాలి గానీ తక్కువ రాకూడదు. మళ్ళీ వేశాను, మళ్ళీ మూడే. మీ చెల్లెలు సాధువు మహిమ అంటోంది. అయినా తాడు వెయ్యమన్నది మీరు.

మీ బావమరిది

*

ఒరేయ్ బావమరిదీ,

మహిమ సాధువుది కావచ్చు. మట్టి మోసింది మాత్రం నేను.

నువ్వు వెళ్ళిన రోజే నీళ్ళు ఉప్పగా మారాయని తెలిసింది. అప్పట్లో మందిరం చూసే ముసలమ్మ గుర్తుందా, పళ్ళు లేకుండా నవ్వేది? ఆవిడ చెప్పింది. "ఇక్కడ తియ్యటి నీళ్ళు సముద్రం మీద తేలుతుంటాయి నాయనా, పాల మీద మీగడలాగా. మీవాడు మీగడ దాటి గరిటె పెట్టాడు." నీళ్ళు తోడేసి, నాలుగు రోజులు బంకమట్టి పోసి తొక్కాం, పైన గులకరాళ్ళు, ఇసుక పరిచాం. దీవి మొత్తం నాతోపాటు ఇంట్లో గిన్నెలతో మట్టి మోసింది. వానలు పడేదాకా జాడీల్లో పట్టిన వాననీళ్ళు తాగారు. వానల తర్వాత నీళ్ళు మళ్ళీ తియ్యగా మారాయని ముసలమ్మ పడవవాడి చేత నాకు కబురు పంపింది.

నేను బయల్దేరుతుంటే ముసలమ్మ చెయ్యి పట్టుకుని చెప్పింది, "అతనికి ఇది చెప్పకు. మంచి పనివాడు. తెలిస్తే మళ్ళీ బావిలో దిగడు" అని. అందుకే నోరు కట్టుకున్నాను. నువ్వు ఆ నీళ్ళు రుచి చూసే వెళ్ళావని ఆవిడకు తెలియదు, నాకూ తెలియదు.

పైగా నిన్ను గోడల మేస్త్రీ అని పెళ్ళిళ్ళలో పదిమంది ముందు ఏడిపించాను. నువ్వు తలొంచుకుని తినేవాడివి. ఇప్పుడు గుర్తొస్తే నాకే ముద్ద దిగడం లేదు. నేను ఒక్కసారి నవ్వకుండా అడిగి ఉంటే, నువ్వు ఒక్కసారి చెప్పి ఉంటే. ఇద్దరం ఇద్దరమే. మీ అక్క పొద్దుట్నుంచీ మనిద్దర్నీ కలిపి తిడుతోంది.

నన్ను మన్నించు.

నీ బావ

*

ప్రియమైన బావగారికి,

మేం దీవి నుంచి ఇంటికి వచ్చాక మీ ఉత్తరం అందింది. మీ చెల్లెలు చదివి వినిపించింది. చివరి మాట దగ్గర ఆపమన్నాను. పెద్దవారు, మీరు నన్ను అలా అడగకూడదు.

నాకు రాయడం చేతకాదు. తేలిగ్గా ఉంది, అంతే. నిన్న పక్కింటి పెరట్లో బావి గట్టు మీద చెయ్యి ఆనించి లోపలికి చూశాను. ఇన్నేళ్ళూ బావి కనిపిస్తే పక్కనుంచి తప్పుకుపోయేవాణ్ణి.

మా వీధి బడిలో బావి పూడిపోయింది. బావి పని తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని పంతులమ్మ అడిగితే ఉన్నానన్నాను. నేను దిగలేను, గట్టున కూర్చుని చెబుతాను, కుర్ర మేస్త్రీలు దిగుతారు. ఎక్కడ ఆపాలో చెప్పగలను.

గిలకకు చట్రం కావాలి. వేరే వడ్రంగిని పిలవద్దన్నాను. మోకాళ్ళు నొప్పయితే కూర్చునే చెక్కండి, కర్ర నేను తెచ్చి పెడతాను. అక్కను కూడా తీసుకురండి. తిట్టేదేదో దగ్గరుండి తిడుతుంది.

సోమవారం పని మొదలు. వస్తున్నారో లేదో ఆలోగా తెలియాలి. ఇది అందిన రోజే రెండు ముక్కలు రాసి పడేయండి.

మీ బావమరిది